బడిలో ఇచ్చిన ట్యాబ్ ఇంటికొచ్చాక: అమ్మానాన్నలు ఒక వరుసలో చేయాల్సిన పనులు

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లలకూ, వాళ్ళకు పాఠాలు చెప్పే టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. నెట్ లేకపోయినా చూసుకునేలా పాఠాలు అందులోనే ఎక్కించారు. చదువుకు సంబంధం లేనివి తెరుచుకోకుండా తాళం లాంటి సాఫ్ట్‌వేర్ కూడా పెట్టారు. మొదటి విడతలో తీసుకున్న పిల్లలు పదో తరగతి దాటిపోయారు. చాలా ఇళ్ళలో ఆ ట్యాబ్ ఇప్పుడు తమ్ముడి చేతిలోనో, చెల్లి చేతిలోనో ఉంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చే అమ్మలు తరచూ ఒకే మాట అడుగుతారు. “టీచర్, దీనికి లాక్ ఎట్లా వేయాలి?” అని. లాక్ వేయడం చెబుతాను. కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని వదిలేసి లాక్ ఎంత గట్టిగా వేసినా లాభం లేదని నాకు తెలిసొచ్చింది ఒక పాప వల్ల.

ఆ పాప నాలుగు రోజులు బడికి రాలేదు. జ్వరమని ఇంట్లో చెప్పింది. ఐదో రోజు వచ్చి, బెల్లు కొట్టాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి నాతో చెప్పింది. ఎవరో తెలియని మనిషి తన ఫొటో తీసుకుని, దాన్ని మార్చి, “మీ నాన్నకి పంపిస్తా” అని బెదిరిస్తున్నాడట. “మీ అమ్మకు ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను. “ట్యాబ్ లాగేసుకుని బడి మాన్పిస్తారు టీచర్” అంది. ఆ మనిషికి ఆ పాప పాస్‌వర్డులేవీ తెలియవు. అమ్మానాన్నలంటే ఆ పిల్లకున్న భయం ఒక్కటే వాడి చేతిలో ఉన్న ఆయుధం.

మొదటి పని: మాట ఇవ్వడం

ట్యాబ్ చేతికిచ్చిన రోజే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పిల్లలతో ఈ మాట చెప్పండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రాత్రి అన్నాలప్పుడు చెప్పండి. “ఇందులో ఏదైనా నిన్ను భయపెడితే, సిగ్గుపడేలా చేస్తే, వచ్చి నాకు చెప్పు. చెప్పినందుకు తిట్టను, కొట్టను. ట్యాబ్ లాక్కోను, బడి మాన్పించను. తప్పు నీదైనా సరే, ముందు నీ పక్కన నిలబడతాను.” ఆడపిల్ల ఉన్న ఇంట్లో ‘బడి మాన్పించను’ అన్న ముక్క తప్పకుండా ఉండాలి. ఆ మాట నాన్న నోటి నుంచి వస్తే ఇంకా మంచిది.

మాట ఇస్తే సరిపోదు, అది నిజమని పిల్లలకు నమ్మకం కలగాలి. వాళ్ళు మొదట చిన్న విషయంతోనే వస్తారు. ఏదో చెత్త వీడియో దానంతటదే వచ్చిందనో, ఎవరో తిట్టారనో చెబుతారు. మీరు ఎలా తీసుకుంటారో అప్పుడే చూసుకుంటారు. ఆ మొదటిసారి మీరు గొంతు పెంచితే రెండోసారి రారు.

రెండో పని: ట్యాబ్ ఎవరిదో, ఎవరి పేరున నడుస్తోందో చూడటం

బడిలో ఇచ్చిన ట్యాబ్ చదువు కోసం ఇచ్చినది. దాన్ని అమ్మడం, తాకట్టు పెట్టడం, బయట విప్పించడం చేయకండి. టౌనులో కొన్ని మొబైల్ షాపుల వాళ్ళు కాసిని డబ్బులు తీసుకుని ‘అన్‌లాక్’ చేసిస్తారు. మొత్తం చెరిపేసి, బడివాళ్ళు పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేస్తారు. పిల్లలు స్నేహితులతో వెళ్ళి చేయించుకొచ్చేస్తారు, ఇంట్లో తెలియను కూడా తెలియదు. గుర్తుపట్టడం తేలికే. ఇచ్చినప్పుడు కనిపించిన పాఠాల యాప్ కనబడకపోయినా, కొత్తగా ఆటల బొమ్మలు కనిపించినా ట్యాబ్ తీసుకుని స్కూలుకు వెళ్ళండి. హెడ్‌మాస్టరుకో క్లాస్ టీచరుకో చూపించండి. పిల్లాణ్ణి దోషిలా నిలబెట్టకుండా మాట్లాడమని ముందే అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ట్యాబ్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిది? సగం ఇళ్ళలో అది నాన్నదే. తొందరలో ఆయన ఫోన్ నంబరూ, ఆయన అకౌంటూ పెట్టేసి ఉంటారు. దాంతో ఆ ట్యాబ్ వాడుతున్నది నలభై ఏళ్ళ మనిషని గూగుల్ అనుకుంటుంది. యూట్యూబ్ పెద్దవాళ్ళకు చూపించేవే చూపిస్తుంది. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే నాన్న ఫోన్‌లో తీసిన ఫొటోలు, వాటితోపాటు ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు కూడా ట్యాబ్‌లోకి వచ్చి కూర్చుంటాయి. ప్లే స్టోర్‌లో నాన్న కార్డు ఉంటే దాంతో కొనుక్కోవచ్చు కూడా.

అందుకని ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి ఎవరి పేరుందో చూడండి. బడి ఇచ్చిన అకౌంట్ అయితే ముట్టుకోవద్దు. పెద్దవాళ్ళది అయితే తీసేసి, పిల్లల అసలు పుట్టినతేదీతో కొత్తది తెరవండి. 13 ఏళ్ళలోపు పిల్లలకు గూగుల్ అమ్మానాన్నల అనుమతితోనే అకౌంట్ ఇస్తుంది. దానికోసం మీ ఫోన్‌లో ‘ఫ్యామిలీ లింక్’ యాప్ వేసుకోవాలి, ఉచితమే. కొత్త యాప్ దేనికైనా మీ ఫోన్‌కి అనుమతి అడుగుతుంది. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి అన్నవి మీరు పెట్టొచ్చు. 13 దాటిన పిల్లలకు కూడా వాళ్ళు ఒప్పుకుంటే పెట్టవచ్చు. ఒప్పించే పెట్టండి, దొంగచాటుగా వద్దు. బడి సాఫ్ట్‌వేర్ ఉన్న ట్యాబ్‌లో కొన్నిసార్లు మీరు అకౌంట్ మార్చలేరు. అప్పుడు బడిలో అడగడమే దారి.

వయసు అబద్ధం చెప్పడం దగ్గరే చాలా చిక్కులు మొదలవుతాయి. వాట్సాప్‌లోనైనా ఇన్‌స్టాగ్రామ్‌లోనైనా సొంతంగా చేరాలంటే కనీసం 13 ఏళ్ళుండాలి. పదకొండేళ్ళ పిల్ల 2000లో పుట్టానని రాసి ఇన్‌స్టాలో చేరిందంటే, టీనేజీ పిల్లల అకౌంట్లకు ఆ కంపెనీ పెట్టిన రక్షణలు ఆమెకు వర్తించవు. 13 నిండేదాకా ఆగి అసలు వయసుతో చేరి ఉంటే అకౌంట్ ప్రైవేటుగా ఉండేది, ముక్కూమొహం తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టడం కుదిరేది కాదు.

ఇది మన ఊళ్ళ గొడవే కాదు. టెక్సాస్‌లో ఉండే మా అక్క కొడుక్కి స్కూల్లో క్రోమ్‌బుక్ అనే ల్యాప్‌టాప్ ఇచ్చారు. తన ల్యాప్‌టాప్ పాడైతే అక్క దాని మీదే బ్యాంకు పని కూడా చేసుకునేది. బడి అకౌంట్‌లో ఏం చేసినా, ఇంట్లో చేసినా సరే, బడివాళ్ళు చూసే వీలుంటుంది. వద్దని గట్టిగా చెప్పాను. మీరూ బడి ట్యాబ్‌లో ఫోన్‌పేలు, ఇంటి ఫొటోలు పెట్టుకోకండి.

మూడో పని: పది నిమిషాల సెట్టింగులు

ఇవి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఏది ఎందుకో చెబుతూ చేయండి.

ప్లే స్టోర్ సెట్టింగుల్లో, కొనేముందు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. మీ యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి, వాళ్ళ ముందు కొట్టకండి.

సెక్యూరిటీ సెట్టింగుల్లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని ఉంటుంది. అన్నిటికీ ఆఫ్‌లో ఉండాలి. వాట్సాప్‌లో చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, ప్రభుత్వ పథకం అనో పేరుపెట్టి ఏపీకే ఫైళ్ళు (నొక్కితే యాప్‌గా ఎక్కేవి) పంపిస్తున్నారు. ఒక్కటి నొక్కి ఎక్కించుకుంటే ఫోన్‌లోకి వచ్చే ఓటీపీలు వాళ్ళ చేతికి పోతాయి.

యూట్యూబ్‌లో ‘రిస్ట్రిక్టెడ్ మోడ్’, గూగుల్‌లో ‘సేఫ్‌సెర్చ్’ ఆన్ చేయండి. అన్నీ ఆపవు, చాలావరకు ఆపుతాయి.

వాట్సాప్ ఉంటే ప్రైవసీలోకి వెళ్ళి గ్రూపుల్లో చేర్చే వీలు ‘మై కాంటాక్ట్స్’కి మార్చండి. డీపీ కూడా అంతే. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే సదుపాయం అక్కడే ఉంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఆ పిన్ మీరు రాసి దాచుకోండి.

సిమ్ వేయని ట్యాబ్ అయితే నెట్ మీ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే వస్తుంది. అదొక్కటీ మీ చేతిలో ఉంటే సగం పని అయినట్టే. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ మార్చి, పిల్లలు అడిగినప్పుడు మీరే ఆన్ చేయండి. లోపల ఎక్కించి ఇచ్చిన పాఠాలు నెట్ లేకపోయినా నడుస్తాయి కాబట్టి చదువేమీ ఆగదు.

నాలుగో పని: రోజూ ఒక చూపు

“పిల్లలు ట్యాబ్ చూస్తుంటే పక్కనే కూర్చోండి” అని పెద్ద పెద్ద సలహాలు ఇస్తారు. మా ఊరి తల్లులు తెల్లారకముందే మిరపకోతలకు ఆటోలెక్కి వెళ్ళి పొద్దుగూకాక వస్తారు. వాళ్ళకు ఆ సలహా ఏం పనికొస్తుంది? అందుకని నేను వేరేది చెబుతాను.

రాత్రి వంట పొయ్యి మీద ఉన్నప్పుడు పిల్లాణ్ణి పిలిచి, “ఇవాళ ట్యాబ్‌లో నేర్చుకున్నది ఒకటి నాకు చెప్పు” అనండి. చెప్పనివ్వండి. మీకు చదువు రాకపోతే మరీ మంచిది, వాడే మాస్టారవుతాడు. తర్వాత సెట్టింగ్స్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ తెరిపించండి. ఏ యాప్ ఎంతసేపు వాడారో అందులో వరుసగా కనిపిస్తుంది, ఎక్కువసేపు వాడింది పైన ఉంటుంది. అక్షరం రాకపోయినా ఏ బొమ్మ పైన ఉందో ఎవరికైనా తెలుస్తుంది. పాఠాల బొమ్మ కింద, ఆట బొమ్మ పైన ఉంటే ఎందుకని అడగండి. తిట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి అడగండి. మా స్కూల్లో ఒక తల్లి ఇలా వారం చేసేసరికి, ఆమె అడగకముందే కొడుకు ట్యాబ్ తెచ్చి చూపించడం మొదలుపెట్టాడు.

రాత్రి ఛార్జింగ్ మీ గదిలోనే పెట్టండి, ఉన్నది ఒకటే గది అయితే మీ తలవైపు గోడ దగ్గర. దిండు కింద, దుప్పటి మీద పెట్టి ఛార్జ్ చేయకండి, వేడెక్కుతుంది. ఉదయం బడికి తెచ్చేటప్పుడు ఛార్జింగ్ నిండుగా ఉండాలి కూడా.

ఎన్ని గంటలు చూడనివ్వాలి అంటే అందరికీ ఒకే లెక్క లేదు. నిద్ర చెడుతోందా, బయట ఆడటం మానేశారా, అన్నం ముందు కూడా వదలట్లేదా అన్నవి చూడండి. వీటిలో ఒక్కటి ఉన్నా సమయం తగ్గించాలి. ఆ నియమం పెద్దవాళ్ళ ఫోన్లకు కూడా ఉంటేనే పిల్లలు ఒప్పుకుంటారు.

ఐదో పని: ‘ఇంట్లో చెప్పొద్దు’ అన్న మాటను గుర్తుపట్టడం నేర్పడం

ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడొద్దని చెబితే సరిపోదు. ఆన్‌లైన్ ఆటలో పక్కన ఆడేవాడు పిల్లలకు తెలియనివాడిలా కనిపించడు. రోజూ కలిసి ఆడతాడు. ‘తమ్ముడూ’ అంటాడు. ఆటలో డైమండ్లు కొనిస్తాననీ చెబుతాడు. తర్వాత వాట్సాప్ నంబరు అడుగుతాడు, ఆపైన ఫొటో, ఆపైన వీడియో కాల్. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట “మీ ఇంట్లో చెప్పకు” అంటాడు. ఆ మాట వినగానే ఆగిపోవాలని పిల్లలకు నేర్పండి. మంచి ఉద్దేశంతో వచ్చినవాళ్ళెవరూ ఆ మాట అనరు. పక్కింటి అన్నయ్య అన్నా, చుట్టం అన్నా, టీచర్ అన్నా ఇదే లెక్క. నేను మా క్లాసులో నా గురించి కూడా అలాగే చెబుతాను.

మగపిల్లలకేమీ కాదని అనుకోకండి. వీడియో కాల్‌లో ఎవరో అమ్మాయి కనిపించి, ఆ కాల్‌ను రికార్డు చేసి డబ్బులు గుంజే మోసాలు మగపిల్లల మీద కూడా జరుగుతున్నాయి. వాళ్ళు సిగ్గుతో ఎవరికీ చెప్పరు, ఇంట్లో డబ్బులు దొంగిలించి పంపుతారు.

ఫొటోల సంగతి కూడా విడమరిచి చెప్పాలి. యూనిఫాం బ్యాడ్జీ, స్కూలు గేటు, ఎక్కే ఆటో, ఇంటి ముందరి వీధి కనిపించే ఫొటో స్టేటస్‌లో పెడితే, ఫలానా పిల్ల ఏ టైముకు ఎక్కడ ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పినట్టే. పుట్టినరోజు ఫొటో పెట్టుకోవాలని ఉంటుంది, కాదనలేం. ఇంట్లో తీసింది, తెలిసినవాళ్ళకు మాత్రమే కనిపించేలా పెట్టమనండి.

పిల్లలు బాధపడటమే కాదు, వేరేవాళ్ళను బాధపెట్టడం కూడా జరుగుతుంది. తోటి అమ్మాయి ఫొటోను అసభ్యంగా మార్ఫింగ్ చేసి గ్రూపులో పెట్టి నవ్వుకోవడం తొమ్మిదో తరగతిలోనే చూశాం. అది ఐటీ చట్టంలోని 67బి సెక్షన్, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం కిందికి వచ్చే నేరమని, ఫార్వర్డ్ చేసినవాళ్ళూ చిక్కుకుంటారని స్పష్టంగా చెప్పండి. ఇలాంటి బొమ్మలను దగ్గర ఉంచుకుని చూడటం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఏదైనా జరిగిపోతే

పిల్ల వచ్చి చెప్పింది అనుకోండి. మొదట మీరు అనాల్సిన మాట “మంచిపని చేశావు, చెప్పావు.” తర్వాతే మిగతావి.

బెదిరించేవాడికి డబ్బు పంపకండి. పంపితే ఆగడు, మళ్ళీ అడుగుతాడు. చాట్‌ను కంగారులో చెరిపేయకండి. బెదిరింపు మెసేజీలు, వాడి ప్రొఫైల్ పేరు, నంబరు, డబ్బు పంపి ఉంటే ఆ వివరాలు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. పిల్ల ఫొటో ఏదైనా ఉంటే దాన్ని మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. “వీడెవడో చూడండి” అని చుట్టాల గ్రూపులో పెట్టడం మరో ప్రమాదం. ఇవన్నీ అయ్యాక బ్లాక్ చేయండి.

డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫొటోలు, బెదిరింపులు అయితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. పేరు చెప్పకుండా చేసే వీలు కూడా అక్కడ ఉంది. పిల్లల కోసం 1098 నంబరు ఉంది, పిల్లలే చేసి మాట్లాడొచ్చు. 18 ఏళ్ళలోపు వాళ్ళ నగ్న ఫొటోలు ఆన్‌లైన్‌లో వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్ళదు, దాని గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ గుర్తును బట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వాటిలో ఆ ఫొటోను పట్టుకుని తీసేస్తారు.

పోలీసుల దగ్గరికి వెళ్తే పరువు పోతుందని చాలామంది ఆగిపోతారు. పోక్సో చట్టం ఏం చెబుతుందో తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లోనో, పిల్లకు నచ్చిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్ల ఎవరో పేపర్లు, టీవీలు బయటపెట్టకూడదు. ఇవేవీ వాళ్ళు దయతో చేసేవి కావు, చట్టంలో ఉన్నవి. ఎవరైనా పాటించకపోతే ఇలా రాసి ఉందని చెప్పండి.

ఆ తర్వాత కొన్ని రోజులు పిల్ల సరిగా తినకపోవచ్చు, నిద్రపోకపోవచ్చు. 14416కి ఫోన్ చేస్తే ‘టెలి మానస్’ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ కౌన్సెలర్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. బడిలో ఒక్క టీచరుకైనా చెప్పి ఉంచండి, క్లాసులో కనిపెట్టి చూసుకుంటారు.

నేను చెప్పిన పాప విషయంలో ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కోత నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతుర్ని దగ్గరకు తీసుకుని, “నాకు చెప్పొచ్చు కదే” అంది. పాప బడి మానలేదు.

ట్యాబ్ తమ్ముడికి ఇచ్చేముందు

అక్క చదువు అయిపోయి తమ్ముడి చేతికి వెళ్తుంటే, ముందు బడిలో అడగండి, తిరిగి ఇవ్వాలా అని. అక్కర్లేదంటే అక్క ఫొటోలు, చాట్లు వేరేచోట దాచి, ఆమె అకౌంట్లన్నీ సైన్ అవుట్ చేసి తీసేయండి. బడి సాఫ్ట్‌వేర్‌ను మాత్రం అలాగే ఉంచండి. రెండో పని దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, ఈసారి తమ్ముడి పుట్టినతేదీతో. మొదటి పనిలోని మాట కూడా వాడికి విడిగా చెప్పాలి, అక్కకు చెప్పింది వాడు విని ఉండడు. 1930, 1098 నంబర్లు పెన్నుతో పెద్దగా ఒక కాగితం మీద రాసి ట్యాబ్ కవర్ లోపలి వైపు అంటించి, అప్పుడు చేతికివ్వండి.